ఒంటరి గుర్రానికి మేక తోడు

ప్రశ్న: డాక్టరు గారూ, చేవెళ్ల దగ్గర మాకు తోట ఉంది. రెండు గేదెలు, కొన్ని కోళ్లు, రేసులు మానేసిన ఒక గుర్రం ఉన్నాయి. దానికి జతగా ఉండే ముసలి గుర్రం సంక్రాంతి ముందు పోయింది. అప్పట్నుంచి ఇది సగం మేత వదిలేస్తోంది. తలుపు దగ్గరే నిలబడి తల అటూ ఇటూ ఊపుతోంది. మేకను తెచ్చి కట్టేస్తే కుదురుకుంటుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలా గుర్రాల విషయంలో నిజమేనమ్మా. గుర్రం మందలో బతికే జీవి. తోడు పోతే ఇలా తల ఊపడం మామూలే. అయినా ముందు పళ్లు, కడుపు ఒకసారి చూపించండి. పంటి నొప్పికి కూడా మేత వదిలేస్తుంది. వీలైతే ఇంకో గుర్రమే మంచి జత.

మేకలే అనుకుంటే ఒకటి కాదు, రెండు తెండి. మేకా మంద జీవే. గుర్రం కోసం దాన్ని ఒంటరి చేయడం నాకు మనసొప్పదు. బోడి మేకలైతే కొమ్ము పోటు భయం ఉండదు. పిపిఆర్ (మేకల ప్లేగు), చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టే జబ్బు) టీకాలు మేకలకు, ధనుర్వాతం టీకా గుర్రానికి వేయించండి.

అసలు జాగ్రత్తంతా దాణా దగ్గరే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గుర్రపుశాలలో రాత్రి మేక కట్టు తెంచుకుని మొక్కజొన్న, ఓట్స్ గింజలు కలిపిన బస్తాలో మూతి పెట్టింది. తెల్లారేసరికి పొట్ట ఉబ్బి పడి ఉంది. పిండి పదార్థం ఒక్కసారిగా పులిసి పొట్టంతా ఆమ్లమైపోయింది. నేను కాపాడలేకపోయాను. దాని పక్కన పెరిగిన గుర్రం రెండు రోజులు గడ్డి ముట్టలేదు. ఆ రెండు రోజులూ నాకింకా గుర్తే. అందుకే దాణా బస్తాలకు తాళం వేసిన గది ఉండాలి.

మీకు కోళ్లున్నాయి కాబట్టి ఇంకో మాట. రక్తపారుడు రాకుండా కోళ్ల దాణాలో మోనెన్సిన్ లాంటి మందు కలుపుతుంటారు. గేదెల దాణాలోనూ ఉండొచ్చు. అది కొద్దిగా తిన్నా గుర్రం గుండె కండరం దెబ్బతిని ప్రాణం పోవచ్చు. గుర్రానికి వాంతి రాదు, తిన్నది కక్కలేదు. ఆ బస్తా, ఆ గిన్నె, ఆ చేట గుర్రం వైపు రానివ్వకండి.

కొట్టంలో ఒక మూల మేక దూరేంత, గుర్రం దూరలేనంత సందు వదలండి. గుర్రం తన్నబోతే మేకలు అందులోకి వెళ్లిపోతాయి, మేత కూడా అక్కడే పెట్టొచ్చు. మేకలు గుర్రం తోక వెంట్రుకలు నములుతాయి, అది ఓర్చుకోవాలి.

మొదటి పది రోజులు మధ్యలో దడి ఉండాలి. గుర్రం చెవులు ముందుకు పెట్టి వాటిని వాసన చూసి, దడి పక్కనే నిలబడి గడ్డి తింటున్నప్పుడు దడి తీయండి.