ఆకలిదప్పుల మీద ఆరాధన ప్రార్థనలు రాయాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వచ్చే ఆదివారం వాక్యభాగాలు యెషయా 55, కీర్తన 63, యోహాను 6. ఆరంభ ప్రార్థన నుంచి ఆశీర్వచనం దాకా మీరే రాసి నడిపించాలి. ఎంత ఆలోచించినా అరిగిపోయిన మాటలే వస్తున్నాయి. పైగా కడుపు నిండినవాళ్లూ, ఇంట్లో ఇబ్బంది పడుతున్నవాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి ఏ మాట ఎవరికి గుచ్చుకుంటుందో అని టెన్షన్. నేను పాస్టర్‌ని కాను. మా సంఘంలో చాలాకాలంగా విజ్ఞాపన ప్రార్థనలు, అంటే ఇతరుల కోసం చేసే మనవులు, రాస్తున్న మామూలు విశ్వాసిని. ఆ అనుభవం మీదే చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. కడుపు ఆకలిని తొందరపడి ఆత్మీయ ఆకలిగా మార్చేయకండి. చాలా ప్రార్థనల్లో ఇది రెండో వాక్యానికే జరిగిపోతుంది. "ప్రభువా, లోకంలో ఎందరో ఆకలితో ఉన్నారు, అయితే అంతకన్నా ఎక్కువగా మా ఆత్మలు నీ వాక్యం కోసం ఆకలిగొన్నాయి" అనేస్తాం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నిజంగా తిండి లేనివాడి సంగతి అక్కడితో అయిపోయింది. ఇక మిగతా ప్రార్థనంతా మన గురించే.

మా ఇంట్లో జీతం ఆగిపోయిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో ఒక ఆదివారం ప్రార్థన నడిపించినాయన "మా బల్లలు నింపినందుకు, మాలో ఎవరికీ కొదువ లేకుండా చూసినందుకు వందనాలు తండ్రీ" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు, అందులో ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. చుట్టూ అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు. మా ఆవిడ చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. దేవుని మీద కోపమేమీ లేదు మాకు. ఆ ప్రార్థనలో మేము నిలబడటానికి చోటు దొరకలేదు, అంతే. అప్పటి నుంచి ఏ వాక్యం రాసినా, ఈ నెల ఎలా గడుస్తుందో తెలియనివాళ్లు దీనికి ఆమెన్ అనగలరా అని చూసుకుంటాను. అనలేరనిపిస్తే కొట్టేస్తాను.

ఇదేదో నా సొంత సిద్ధాంతం అనుకోకండి. మీకిచ్చిన యోహాను 6లోనే ఉంది. అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు, ఇంచుమించు 5,000 మంది పురుషులు. వాళ్లు కావలసినంత తిన్నారు, ఇంకా 12 గంపలు మిగిలాయి. "జీవాహారము నేనే" అన్న మాట మరునాడు గాని రాలేదు. రొట్టెల కోసమే నన్ను వెదుకుతున్నారు అని యేసు మందలించింది కూడా అప్పటికే తృప్తిగా తిన్నవాళ్లను. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లతో ఆయన ఆ మాట అనలేదు. ఈ వరసే మీ ప్రార్థనలకూ పనికొస్తుంది.

కీర్తన 63 కూడా అంతే. పైన ఉన్న శీర్షికను మనం చదవకుండా దాటేస్తాం: దావీదు యూదా అరణ్యంలో ఉన్నప్పటిది. నీళ్లు లేని ఎండు నేల ఆయన కళ్లముందే ఉంది, గొంతూ ఎండే ఉంటుంది. దేవుని కోసం దాహం అన్న మాట ఆ గొంతులోంచి వచ్చింది. యోహాను 4లో సమరయ స్త్రీతో జీవజలం గురించిన సంభాషణ ఎలా మొదలైందో చూడండి. అలసిపోయిన యేసు తాగడానికి నీళ్లడిగాడు. సిలువ మీద "నేను దప్పిగొనుచున్నాను" అన్నాడు. అక్కడ పెద్ద వివరణ అక్కర్లేదు, ఆయనకు నిజంగానే దాహం వేసింది. ఉపవాస కూడికలో సాయంత్రం పూట వాక్యం చదివినవాళ్లకు ఇది తెలుస్తుంది. నాలుక అంగిట్లో అతుక్కుని "తృష్ణ" అన్న మాట సగంలో ఆగిపోతుంది. నాకు ఆ కీర్తన బాగా అర్థమైంది అలాంటప్పుడే.

తొలి సంఘం ప్రార్థనల్లోనూ ఇదే కనిపిస్తుంది. డిడాకే అని ఒక పాత రచన ఉంది. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది, 1883లో అచ్చయింది. అందులో భోజనం తర్వాత చేసే కృతజ్ఞతా ప్రార్థనలో ముందు మనుషులందరికీ అన్నపానాలు ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పి, ఆ తర్వాతే మాకు ఆత్మీయమైన అన్నపానాలు ఇచ్చావు అంటారు. మొదటిదాన్ని చిన్నబుచ్చకుండా రెండోదానికి వెళ్తారు.

ఇక నమూనాలు. మీ సంఘంలో దేవుణ్ణి "మీరు" అని పిలిచే అలవాటు ఉంటే అలాగే మార్చుకోండి.

ఆరాధన పిలుపుకి కొత్తగా ఏమీ రాయొద్దు. "దప్పిగొనినవారలారా, నీళ్లయొద్దకు రండి" అని యెషయా 55 మొదటి వచనం చదివితే చాలు. ఆరంభ ప్రార్థన ఇలా ఉండొచ్చు:

"దేవా, మాలో కొందరం తృప్తిగా తిని వచ్చాం. కొందరం ఏమీ తినకుండా వచ్చాం. కొందరం నీ కోసం దాహంతో వచ్చాం. కొందరికి ఆ దాహం ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. వెల అడగని నీ దగ్గరికి అందరం వట్టి చేతులతోనే వచ్చాం. మమ్మల్ని చేర్చుకో. ఆమెన్."

అన్నిటికంటే కష్టమైనది ఒప్పుకోలు ప్రార్థన. నేను రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"తండ్రీ, నేటికి చాలినంత ఇమ్మని అడుగుతూనే మా కోసమే కూడబెట్టుకున్నాం. మమ్మల్ని క్షమించు.
ఆహారం కానిదాని కోసం డబ్బు పోశాం, తృప్తినివ్వనిదాని కోసం ఒళ్లు హూనం చేసుకున్నాం. మమ్మల్ని క్షమించు.
మా బల్ల దగ్గర ఎవరు లేరో చూడకుండానే భోజనానికి నీకు వందనాలు చెప్పాం. మమ్మల్ని క్షమించు.
మాకు తిండి పండించి, వండి, మోసుకొచ్చేవాళ్ల కూలి దగ్గరే గీచి గీచి బేరమాడాం. మమ్మల్ని క్షమించు.
తండ్రీ, లేదని చెప్పుకోలేక, తిన్నామని అబద్ధం చెప్పినవాళ్లం కూడా మాలో ఉన్నాం. ఆ సిగ్గును మా మీద నుంచి తీసివేయి."

చివరి వాక్యంలో "క్షమించు" లేదు, గమనించండి. అది కావాలనే. ఆకలి పాపం కాదు, ఆ సిగ్గూ పాపం కాదు. 1662 నాటి ఇంగ్లండు సంఘపు ప్రార్థన గ్రంథంలో వాన కోసం, కరువుకాలం కోసం ప్రార్థనలు ఉన్నాయి. కరువు ప్రార్థనలో ధరలు దిగిరావాలని, సమృద్ధి కలగాలని నేరుగా అడుగుతారు. అది నాకు చాలా నచ్చుతుంది, ధరల గురించి దేవుణ్ణి అడగడానికి మొహమాటమెందుకు? కానీ ఆ కొరత మన దోషాలకు తగిన శిక్షే అని కూడా అందులో ఉంది. ఆ మాటను ఆకలితో ఉన్నవాళ్ల ముందు నేను చదవను. కరువుకు కారణం ఒకడి పాపం కావచ్చు, దాని బాధ పడేది మాత్రం చాలాసార్లు వేరొకడు.

కూడబెట్టడం గురించి కూడా కాస్త జాగ్రత్త. అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన మన్నా అనే ఆహారాన్ని తెల్లవారేదాకా ఉంచుకుంటే పురుగుపట్టింది, నిజమే. కానీ విశ్రాంతిదినం కోసం ఆరో రోజున రెండింతలు కూర్చుకున్నప్పుడు పట్టలేదు. ఐగుప్తులో యోసేపు సమృద్ధి ఏళ్లలో పంటలో అయిదో వంతు నిల్వ చేయించి దేశాన్ని కాపాడాడు. పిల్లల కోసం నాలుగు రూకలు దాచుకునే తల్లి మీద పాపం మోపకూడదు. అందుకే పైన "మా కోసమే" అని రాశాను.

విజ్ఞాపనకు చిన్న ప్రతిస్పందన పెట్టండి. కళ్లజోడు తేనివాళ్లు, చదవడం రానివాళ్లు కూడా రెండోసారికల్లా అందుకోగలగాలి. కీర్తన 145లో దేవుడు గుప్పిలి విప్పి ప్రతి జీవినీ తృప్తిపరుస్తాడని ఉంది కదా, దాని నుంచి నేను తీసుకున్నది ఇది. నడిపించేవారు: "నీ గుప్పిలి విప్పు, ప్రభువా." సంఘం: "మా గుప్పిళ్లు కూడా విప్పించు."

మనవులు ఇలా:

"వాన రాక పైరు ఎండిన చోట, ఆకాశం వైపు చూస్తున్నవాళ్ల కోసం అడుగుతున్నాం.
యుద్ధం వల్ల ఆహారం అందని ఊళ్ల కోసం అడుగుతున్నాం. ఆకలిని ఆయుధంగా వాడే చేతులను ఆపు.
నీళ్ల కోసం దూరాలు నడిచే స్త్రీల కోసం, మురికి నీళ్లు తాగి జబ్బుపడిన పసివాళ్ల కోసం అడుగుతున్నాం.
ముద్ద గొంతు దిగని రోగుల కోసం, తిండిని చూస్తేనే భయపడేవాళ్ల కోసం, వాళ్లకు తినిపిస్తున్నవాళ్ల కోసం అడుగుతున్నాం.
ఈ నెల గడిచేదెలాగో తెలియక ఇక్కడే కూర్చున్న మా కోసం అడుగుతున్నాం.
ప్రార్థించాలన్న ఆశే చచ్చిపోయినవాళ్ల కోసం అడుగుతున్నాం."

అయిదో మనవి దగ్గర "మా కోసం" అనే అనండి, "వాళ్ల కోసం" అనొద్దు. ఆ తర్వాత కాసేపు మౌనంగా ఉండండి. మీకు ఇబ్బందిగా అనిపించేదానికన్నా ఇంకొంచెం ఎక్కువసేపే. నాలుగో మనవి చాలామంది మరిచిపోతారు. ఇంట్లో తిండి ఉండీ తినలేని స్థితి కూడా ఆకలి గురించిన ప్రార్థనలోకే వస్తుంది. మా సంఘంలో ఒక పెద్దాయన, భార్యకు చెంచాతో నీళ్లు పట్టే రోజుల్లో, ఆ వాక్యం ఉన్న కాగితం అడిగి తీసుకెళ్లారు.

లెక్కలు మాత్రం ప్రార్థనలో చదవొద్దు. 2023లో దాదాపు 73 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ప్రసంగంలోనో ప్రకటనల్లోనో చెప్పండి, అందరికీ తెలియాలి. కానీ దేవునికి వార్తలు వినిపిస్తున్నట్టు ప్రార్థన ఉండకూడదు.

దేవుడు సమకూరుస్తాడు అనే మాట దగ్గరే ఎక్కువగా కాలు జారుతుంది. ఫిలిప్పీ 4:19, "మీ ప్రతి అవసరమును తీర్చును" అన్న వచనాన్ని హామీ పత్రంలా చదివేస్తాం. అది రాసినప్పుడు పౌలు బంధకాల్లో ఉన్నాడు. దానికి కాస్త పైనే ఆకలిగా ఉండటం కూడా నేర్చుకున్నానన్నాడు. అసలు ఆ భాగమంతా ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత పంపిన సహాయానికి కృతజ్ఞత. అంటే దేవుడు పౌలుకు సమకూర్చింది మనుషుల చేతుల మీదుగానే. వచనం చదివితే ఆ సంగతి కూడా ఒక ముక్కలో చెప్పండి.

ఏలీయా కథ ఇంకా బాగా ఉపయోగపడుతుంది. కాకులు రొట్టె, మాంసం తెచ్చాయని అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత వాగు ఎండిపోయిందని చాలామందికి గుర్తుండదు. దేవుడే వెళ్లమన్న కెరీతు వాగు, దేవుడు చెప్పినట్టే చేసిన ప్రవక్త, అయినా దేశంలో వాన లేదు కాబట్టి నీళ్లు ఆగిపోయాయి. ఏలీయా విశ్వాసం తగ్గిందని అక్కడ ఎవరూ అనలేదు. ఆ తర్వాత దేవుడు పంపింది ధనవంతుడి ఇంటికి కాదు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె ఉన్న సారెపతు విధవరాలి దగ్గరికి. అది తిని కొడుకుతో కలిసి చావడానికి సిద్ధపడి పుల్లలు ఏరుకుంటోంది ఆమె. ఉద్యోగం పోయినవాళ్లతో "మీ విశ్వాసం సరిగా లేదేమో" అనేవాళ్లు మీ సంఘంలోనూ ఉంటే, వాళ్లు వినేలా ఈ ప్రార్థన చదవండి:

"ప్రభువా, నీవు చూపిన వాగే ఎండిపోయినప్పుడు మేము తప్పు చేశామనుకున్నాం. మమ్మల్ని అక్కడే వదిలేయకు. ఇంకో తలుపు చూపించు. ఆ తలుపు తెరిచేవారికి కూడా ఏమీ లేకపోతే, ఇద్దరికీ కలిపి పెట్టు."

ఇంకా జవాబు రానివాళ్ల కోసం హబక్కూకు 3:17, 18 చదవండి. చేనులో పంట లేకపోయినా దేవునిలో ఆనందిస్తాను అనే మాటలవి. వివరించొద్దు.

ఆ రోజు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) ఉంటే, కొరింథులో ఒకడు ఆకలితో ఉండగా ఇంకొకడు మత్తుగా ఉన్నాడని పౌలు మందలించిన సంగతి మొదటి కొరింథీయులు 11లో ఉంది. కృతజ్ఞతలో ఒక వాక్యం దానికోసం కేటాయించండి: "ఒకే రొట్టె విరిచిన దేవా, ఈ బల్ల దగ్గర ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా ఇళ్లలోని బల్లల దగ్గరా అలాగే చేయి."

కానుకల ప్రార్థన మీ పాస్టర్ గారితో మాట్లాడి రాయండి. సంఘంలో ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఎవరిని, ఎప్పుడు, చాటుగా అడగొచ్చో అప్పటికే ఏర్పాటు ఉంటే ప్రకటనల్లో చెప్పించండి. లేకపోతే ఆదివారంలోపు చేయించండి. ఇదంతా ప్రార్థించి, సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా పంపించేస్తే యాకోబు 2:16లో "వెచ్చగా ఉండండి, తృప్తిపొందండి" అన్న పెద్దమనిషికీ మనకూ తేడా ఉండదు.

శనివారం రాత్రి అన్నీ ఒకసారి గట్టిగా చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. సమయం సరిపోకపోతే విజ్ఞాపనలో ఒక మనవి తగ్గించుకోండి, మౌనాన్ని మాత్రం తగ్గించకండి.