వాకింగ్ క్లబ్ నది ఒడ్డు పార్కుకి నడకకి వెళ్తే పెద్దవాళ్లు వెనకబడకుండా ఎలా ప్లాన్ చేయాలి?

మీ ప్రశ్న మొత్తం చదివానండి. నలభై మంది దాకా ఉన్న క్లబ్, కాలేజీ పిల్లల నుంచి డెబ్బై దాటినవాళ్ల దాకా అందరూ ఉన్నారు, నది పక్కన పార్కులో కాసేపు నడిచి అక్కడే భోజనాలు చేద్దామనుకుంటున్నారు, కానీ పోయినసారి ముందు వెళ్లినవాళ్లు తినేసి చేతులు కడుక్కునే టైముకి వెనకవాళ్లు చేరారని కొంతమంది పెద్దవాళ్లు ఈసారి మేం రామంటున్నారు, అందుకని ఫాస్ట్ గ్రూపు స్లో గ్రూపు అని రెండుగా విడగొట్టమంటారా అని అడిగారు. విడగొట్టొద్దు. మా క్లబ్‌లో ఇలాంటి నడకల పనులు కొన్నేళ్లుగా నేను కూడా చూస్తున్నా కాబట్టి గట్టిగా చెప్తున్నా, ఒకసారి స్లో గ్రూపు అని పేరు పడ్డాక అందులో ఉండటానికి ఎవరికీ మనసొప్పదు, మెల్లగా రావడమే మానేస్తారు. మనుషుల్ని కాదు, దారి పెట్టే పద్ధతిని మార్చండి.

మేం చేసేది ఇదీ. చుట్టూ తిరిగి వచ్చే రూటు పెట్టం, వెళ్లిన దారినే వెనక్కి వస్తాం, ఇన్ని కిలోమీటర్లు అని కూడా చెప్పం, టైము చెప్తాం. ఉదాహరణకి ఏడింటికి బయల్దేరితే ఏడూ నలభైకి ఎవరు ఎక్కడున్నా సరే అక్కడే వెనక్కి తిరిగిపోవాలి అంతే. దీంతో ఏమవుతుందంటే గబగబా నడిచేవాళ్లు ఎక్కువ దూరం పోతారు, నెమ్మదిగా నడిచేవాళ్లు తక్కువ దూరం పోతారు, కానీ ఎవరి నడక వాళ్లు నడిచినా అందరూ ఇంచుమించు ఒకే టైముకి భోజనాల చోటుకి చేరతారు. ఇంకో గొప్ప లాభం ఏంటంటే వెనక్కి తిరిగాక వరస మొత్తం తారుమారవుతుంది, పెద్దవాళ్లు ముందుంటారు, కుర్రాళ్లు వెనక నుంచి వస్తుంటారు, కాబట్టి దారిలో ఎవరికైనా కాలు నొప్పొచ్చి ఆగిపోయినా వెనక నుంచి వచ్చేవాళ్ల కంట్లో పడకుండా ఉండరు. చివరి కొంచెం దూరం అందరూ కలిసిపోయి కబుర్లు చెప్పుకుంటూ వస్తారు, నాకు మొత్తం ప్రోగ్రాంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పది నిమిషాలే. నది ఒడ్డు దారి నీళ్ల వెంబడే పోతుంది కాబట్టి దారి తప్పే భయం కూడా తక్కువ, ఈ పద్ధతికి అది బాగా కుదురుతుంది.

ఒక్క జాగ్రత్త తీసుకోండి, వెళ్లేటప్పుడు ఉన్న ఊపు వచ్చేటప్పుడు ఉండదు, అలాగే ఎండ కూడా పెరుగుతుంది, కాబట్టి మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లని, ఈమధ్యే జబ్బు చేసి లేచినవాళ్లని ఓ ఐదు పది నిమిషాలు ముందే తిరగమనండి. వేగం గురించి కూడా అడిగారు కదా. నైస్మిత్ అని స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడతారు, సమతలం మీద గంటకి సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కుడు ఉంటే దానికి అదనంగా టైము కలుపుకోవాలి అని. కానీ అది ఒంట్లో ఓపికున్న మనిషి ఆగకుండా నడిస్తే వచ్చే లెక్క. ఫోటోలు, బాత్రూం, చెప్పు తెగడం, పక్షి కనబడిందని అందరూ ఆగిపోవడం ఇవన్నీ కలిపితే పెద్ద గుంపు గంటకి మూడు కిలోమీటర్లు కదిలితే గొప్పే, అంతకన్నా ఎక్కువ ఆశించి భోజనం టైము పెట్టకండి.

వెళ్లేటప్పుడు మాత్రం అందరికన్నా చివర ఒక మనిషి ఉండి తీరాలి. చాలా క్లబ్బుల్లో మంచి వాకర్‌ని ముందు పెట్టి, వెనక ఎవరు మిగిలితే వాళ్లే చివరి మనిషి అనుకుంటారు. నా ఉద్దేశంలో మీ దగ్గరున్నవాళ్లలో బాగా ఓపికైన, అనుభవం ఉన్న మనిషినే వెనక పెట్టాలి, ఫస్ట్ ఎయిడ్ బ్యాగు, విజిల్, ఛార్జింగ్ ఉన్న ఫోను ఆ మనిషి దగ్గరే ఉండాలి, ఎందుకంటే ఇబ్బంది వచ్చేది వెనకే. మధ్యలో ఎవరైనా ఇంటికి వెళ్లిపోవాలనుకుంటే ఆ మనిషికి చెప్పకుండా కదలకూడదు. ముందున్నవాళ్లు ఎక్కడైనా ఆగి వెనకవాళ్ల కోసం చూస్తే, వాళ్లు వచ్చీరాగానే పదండి పదండి అని లేవకూడదు. ముందువాళ్లు పది నిమిషాలు కూర్చుని రెస్ట్ తీసుకుని ఉంటారు, పాపం ఆయాసపడుతూ వచ్చినవాళ్లకి నీళ్లు తాగే టైము కూడా దొరకదు, అందరికన్నా రెస్ట్ అవసరమైనవాళ్లకే రెస్ట్ లేకుండా పోతుంది. చివరి మనిషి కూర్చుని లేచాకే మిగతావాళ్లు కదలాలి, ఈ ఒక్క రూలు పెట్టాక మా పెద్దవాళ్ల మొహాల్లో తేడా నేను కళ్లారా చూశా.

పదివేల అడుగులు పూర్తవ్వాలి అని ఫోన్ చూసుకుంటూ పరుగెత్తేవాళ్లు మీ దగ్గరా ఉండే ఉంటారు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటర్ ప్రచారంతో పాకిపోయింది గానీ డాక్టర్లు తేల్చిన హద్దు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం అని, అది మామూలు రోజుల్లో చేసుకోవచ్చు, ఈ ఒక్క పూట పక్కన మనిషితో మాట్లాడుతూ నడవమనండి.

అసలు నడవలేనివాళ్లని వదిలేయకండి. మా దగ్గర మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ, ఇంకో ఇద్దరు ముగ్గురు నేరుగా భోజనాల చోటుకే వచ్చేస్తారు, చాపలు పరవడం, సామాన్లు చూసుకోవడం, ఎవరెవరు తిరిగొచ్చారో లిస్టులో టిక్ పెట్టడం అన్నీ వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. ఆ లిస్టు పని నిజంగా ముఖ్యమైనది, వాళ్లకి అది తెలుసు. వడ్డన బరువు కూడా వాళ్ల మీదే వేయొద్దు, అది కుర్రాళ్ల పని.

షుగర్ ఉన్నవాళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకి నడక ఎక్కువై భోజనం లేటయితే షుగర్ పడిపోతుంది. ఒకసారి మాతో వచ్చిన ఒక పెద్దాయన అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి మౌనంగా అయిపోయారు, ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, అడిగితే పొంతన లేని జవాబులు. వెనక ఉన్న మనిషికి విషయం అర్థమై వెంటనే కూర్చోబెట్టి గ్లూకోజ్ కలిపి తాగించారు, కాసేపటికి తేరుకున్నారు. పద్ధతి ఏంటంటే సుమారు 15 గ్రాముల చక్కెర లేదా గ్లూకోజ్ ఇవ్వాలి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి, వణుకు, చెమట తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి, స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే అంబులెన్స్ పిలవాలి. అందుకే బయల్దేరే ముందే ఎవరెవరికి షుగర్, ఎవరికి గుండె మందులు అని చివరి మనిషికి మాత్రం పక్కకి పిలిచి చెప్పమనండి, అందరి ముందు అడగొద్దు.

ఇక నది, ముఖ్యంగా ఎవరైనా చిన్నపిల్లల్ని వెంట తెస్తే. నడిచేటప్పుడు కన్నా తిన్నాక కూర్చున్నప్పుడే భయం ఎక్కువ, ఎందుకంటే అంతమంది పెద్దవాళ్లు ఉన్నారు కదా ఎవరో ఒకరు పిల్లల్ని చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు అరవరు, అరవడానికి ఊపిరి అందదు, చప్పుడు లేకుండానే జరిగిపోతుంది. అందుకని వంతులు వేసుకోండి, ఇరవై నిమిషాలకి ఒకరు, ఆ టైములో వాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు, కళ్లు నీళ్ల వైపే ఉండాలి. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దమనిషిని పడేయగలవు, నాచు పట్టిన మెట్లు చెప్పనే అక్కర్లేదు. పైన ఎక్కడైనా డ్యామ్ ఉంటే మీ దగ్గర చినుకు పడకపోయినా నీళ్లు పెరగొచ్చు, పార్కు సిబ్బందిని ముందురోజు అడగండి. ఎవరైనా పడితే వెనకే దూకకూడదు, తాడు, పొడుగు కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాను లాంటివి అందించాలి, ఒక పొడుగాటి తాడు సామాన్లలో వేసుకోండి. ఉరుములు వినబడితే చెట్ల కిందికి వెళ్లకుండా పక్కా బిల్డింగులోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

భోజనం సంగతి మీకే బాగా తెలుసు, ఒక్కటే చెప్తా, వండినవి బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. వేడివి బాగా వేడిగా, చల్లవి ఐస్‌లో పెట్టి తెస్తే సరే. పొద్దున్నే వండి డబ్బాల్లో పెట్టి, నడకంతా అయ్యాక మధ్యాహ్నం తింటామంటే మాత్రం నేనొప్పుకోను, అలా అయితే భోజనం ఎవరైనా ఆఖరున తెచ్చేలా ఏర్పాటు చేసుకోండి. చెత్తకి పెద్ద సంచులు తీసుకెళ్లండి, ఒడ్డున వదిలిన ప్లాస్టిక్ నేరుగా నీళ్లలోకే పోతుంది.

ముందు వారం అదే టైముకి వెళ్లి ఒకసారి దారి నడిచి చూడండి, నీడ ఎటు పడుతుందో, బాత్రూంలు తెరిచి ఉంటాయో లేదో, బెంచీలు ఎంత దూరానికి ఉన్నాయో, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో, అంబులెన్స్ ఎంతవరకు రాగలదో తెలుస్తుంది. ఆ రోజు ఒంటరిగా వెళ్లకుండా, ఈసారి రానన్న పెద్దవాళ్లలో ఒకరికి ఫోన్ చేసి, మెసేజ్ కాదు ఫోనే చేసి, మీరు కూడా వచ్చి చూసి చెప్పండి, మీరు ఎంతసేపు హాయిగా నడవగలిగితే అంత టైమే పెడతాం అని అడగండి. వెనక్కి తిరిగే టైము ఆయన లేదా ఆవిడ చెప్పిందే ఖాయం చేయండి, గ్రూపులో కూడా వాళ్ల చేతే చెప్పించండి, మిగతా పెద్దవాళ్లని పిలిచే పని వాళ్లే చూసుకుంటారు.