స్టాటిస్టిక్స్ సందేహాలు: ఫార్ములా కంటే ముందు డేటా వైపు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చెప్పేవాళ్లవీ ఉన్నాయి, చదువుకునేవాళ్లవీ ఉన్నాయి, కానీ అందరి బాధా ఇంచుమించు ఒకటే, లెక్క చేయడం వస్తోంది గానీ అది ఎందుకు చేస్తున్నామో తెలీడం లేదు అని. అందుకే అన్నీ ఒకచోట వేస్తున్నాం, చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టి.

ప్రశ్న: నేను మూడో తరగతికి చెప్తాను. బార్ గ్రాఫ్ పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్న అంకెలు చూసి పిల్లలు చక్కగా గీసేస్తారు, రంగులు వేస్తారు, అక్కడితో అయిపోతుంది. ఈ వయసు పిల్లలకి ఇంతకంటే ఏమైనా చెప్పొచ్చా అండీ?

టీచర్ గారూ, తప్పకుండా చెప్పొచ్చు, అసలు చెప్పాల్సిన వయసే ఇది. గ్రాఫ్ గీయడం అనేది మధ్యలో వచ్చే పని, దానికి ముందు ఒక ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్నకి జవాబు కోసం అంకెలు పిల్లలే పోగుచేయాలి, గీశాక దాన్ని చూసి ఏదో ఒకటి అనగలగాలి. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ స్కూళ్ల కోసం 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గానీ 2020లో వాటిని మార్చి రాసినప్పుడు గానీ ఈ వరసే చెప్పారు: ప్రశ్న, డేటా, విశ్లేషణ, అర్థం చెప్పుకోవడం. పుస్తకంలో మొదటి రెండూ వాళ్లే చేసి పెట్టేస్తారు, నాలుగోది వదిలేస్తారు, పిల్లలకి మిగిలేది రంగులు వేయడమే.

ఒక పని చేసి చూడండి. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ఎవరు ఎంతసేపు నిలబడగలరు అని అడగండి (పక్కన ఒకళ్లు పట్టుకోడానికి ఉండాలి, పడిపోతారు). టైం చూడ్డం మొదలుపెట్టగానే గొడవ వస్తుంది, రెండో కాలు నేలకి తగిలితే అవుటా, కళ్లు తెరిస్తే కూడా అవుటా, గోడ పట్టుకుంటేనో అని. వెంటనే మీరు తీర్పు చెప్పేయకండి, వాళ్లనే ఒక రూల్ పెట్టుకోనివ్వండి, ఎందుకంటే కొలవడం అంటే ముందు ఏం కొలుస్తున్నామో ఒప్పుకోవడమే కదా. తర్వాత బోర్డు మీద ఒక అంకెల గీత గీసి, ఎవరి సెకన్ల దగ్గర వాళ్లని వచ్చి చుక్క పెట్టమనండి. చుక్కలు ఎక్కడ గుంపు కట్టాయి, ఎక్కడ ఖాళీ ఉంది, దూరంగా ఒక్కటే చుక్క ఎందుకుంది అని అడిగితే పిల్లలు మాట్లాడే మాటలు వినండి, చాలా బాగుంటాయి.

ఇక అసలు సంగతి. అదే పిల్లని మళ్లీ నిలబెట్టండి. మొదటిసారి 12 సెకన్లు వస్తే ఇప్పుడు 19 రావచ్చు. ఏది కరెక్ట్ అని అడగండి. మనిషి మారలేదు, పని మారలేదు, అయినా అంకె మారింది. ఈ తేడా అనేది తప్పు కాదు, అది ఎప్పుడూ ఉంటుంది అని ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి కళ్లారా చూసిన పిల్లలకి తర్వాత శాంపిల్ అన్నా ఎర్రర్ అన్నా భయం ఉండదు. యావరేజ్ మాట ఇప్పుడే ఎత్తకపోయినా ఏం పర్లేదు.

ప్రశ్న: సర్, నేను తొమ్మిదో తరగతి. మీన్, మీడియన్, మోడ్ మూడూ చేసేస్తాను, మార్కులు కూడా వస్తాయి. కానీ ఎప్పుడు ఏది వాడాలో తెలీదు. మా సర్‌ని అడిగితే ప్రశ్నలో ఏది అడిగితే అది చెయ్యి అన్నారు.

బాబూ, నీ ప్రశ్న చాలా మంచిది, వదలకు. ఈ ఐదు అంకెలు తీసుకో: 4, 5, 5, 6, 30. మీన్ (అంటే సగటు) 10, మీడియన్ (వరసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండే అంకె) 5, మోడ్ (ఎక్కువసార్లు వచ్చిన అంకె) కూడా 5. ఇప్పుడు ఆ 30 తీసేసి 300 పెట్టు. మీన్ ఏకంగా 64 అయిపోయింది, మీడియన్ మాత్రం 5 దగ్గరే కూచుంది. అంటే మీన్ ప్రతి అంకె మాటా వింటుంది, ఎంత దూరంగా ఉన్నదైతే అంత ఎక్కువ లాగుతుంది. మీడియన్ మధ్యలో ఎవరున్నారనేదే చూస్తుంది, చివర ఉన్నవాళ్లు ఎంత దూరం పోయారో దానికి పట్టదు. అందుకే జనాల ఆదాయం గురించి మాట్లాడేటప్పుడు, కొద్దిమందికి విపరీతంగా ఉంటుంది కాబట్టి, మామూలు మనిషి పరిస్థితి తెలియాలంటే మీడియన్ చూస్తారు. అదే మొత్తం ఖర్చు ఎంతవుతుందో అంచనా వేయాలంటే మీన్ కావాలి, ఎందుకంటే మీన్‌ని మనుషుల సంఖ్యతో గుణిస్తే మొత్తం వచ్చేస్తుంది, మీడియన్‌తో అలా రాదు. ఏది వాడాలనేది అంకెల్లో ఉండదు, నువ్వు తెలుసుకోవాలనుకున్న విషయంలో ఉంటుంది.

ఇంకోటి, ఏ లెక్కా మొదలుపెట్టకముందే చుక్కలు పెట్టి చూడు. ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ (Anscombe) అనే స్టాటిస్టీషియన్ 1973లో నాలుగు చిన్న డేటా సెట్లు తయారుచేశారు, ఒక్కోదాంట్లో 11 జతల అంకెలు. నాలుగింటిలోనూ ఎక్స్ మీన్ 9, వై మీన్ 7.5, కోరిలేషన్ (ఎక్స్, వై ఎంత గట్టిగా కలిసి కదులుతాయో చెప్పే అంకె) 0.816 దగ్గర, చుక్కలకి సరిపోయేలా గీసే తిన్నటి గీత కూడా ఒకటే. లెక్కలు మాత్రమే చూస్తే నాలుగూ కవలలు అనిపిస్తాయి. గ్రాఫ్ గీస్తే ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, ఒకటి వంపు తిరిగిన గీత, ఒకటి తిన్నటి గీత, కాకపోతే ఒక్క చుక్క మాత్రం పక్కకి పోయింది, నాలుగోదైతే పది చుక్కలు నిలువుగా ఒకే వరసలో, ఒక్కటి ఎక్కడో దూరంగా. ఆ అంకెలు వెతికి పట్టుకుని నువ్వే చేత్తో గీసి చూడు, ఒక్క సాయంత్రం చాలు.

స్టెప్ డీవియేషన్ లాంటి షార్ట్‌కట్‌లు పరీక్ష కోసం నేర్చుకో, తప్పదు, కానీ అవి చేత్తో పెద్ద పెద్ద అంకెలు గుణించుకునే రోజుల్లో పని తగ్గించుకోడానికి వాడినవి, అర్థమంతా వాటిల్లోనే ఉందనుకోకు.

ప్రశ్న: డిగ్రీ సెకండియర్. శాంపిల్ వేరియన్స్‌కి ఎన్‌తో కాకుండా ఎన్-1తో ఎందుకు భాగిస్తాం? "డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఒకటి పోయింది" అని రాసుకున్నాను గానీ నిజంగా ఏమీ అర్థం కాలేదు.

ఇది చేత్తో చేసి చూడాల్సిందే, పావుగంట పని. మూడు చీటీల మీద 2, 4, 6 రాయండి. ఇదే మీ మొత్తం పాపులేషన్ అనుకోండి. మీన్ 4, దాన్నుంచి తేడాల స్క్వేర్లు 4, 0, 4, వాటి సగటు 8/3, అంటే 2.67. ఇది అసలు వేరియన్స్, అంటే అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత.

ఇప్పుడు ఒక చీటీ తీసి చూసి మళ్లీ వేసేసి ఇంకోటి తీయండి, రెండేసి అంకెల శాంపిల్స్. మొత్తం 9 రకాలుగా రావచ్చు. (2,2), (4,4), (6,6) వస్తే లోపల తేడా సున్నా. (2,4), (4,2), (4,6), (6,4) ఈ నాలుగింటికీ శాంపిల్ మీన్ నుంచి స్క్వేర్ల మొత్తం 2 చొప్పున. (2,6), (6,2) రెండింటికీ 8 చొప్పున. అన్నీ కలిపితే 8 + 16 = 24. ఒక్కోదాన్ని ఎన్‌తో, అంటే శాంపిల్‌లోని అంకెల సంఖ్య 2తో భాగించి సగటు తీస్తే 12/9 = 1.33 వస్తుంది, అసలు దాంట్లో సగమే. ఎన్-1తో, అంటే 1తో భాగిస్తే 24/9 = 2.67. సరిగ్గా అసలు వేరియన్స్!

ఎందుకిలా అంటే, శాంపిల్ మీన్ ఆ శాంపిల్‌లోంచే వచ్చింది కాబట్టి ఆ అంకెలకి మరీ దగ్గరగా ఉంటుంది. (2,2) వచ్చినప్పుడు చూడండి, అసలు మీన్ 4 నుంచి రెండూ దూరంగానే ఉన్నాయి, కానీ మనకి ఆ 4 తెలీదు, శాంపిల్ మీన్ 2 అనుకున్నాం, తేడా సున్నా అనేశాం. అలా సగటున తక్కువే చూస్తాం, ఆ తక్కువని ఎన్-1 సరిచేస్తుంది. ఇది చూశాక డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ పాఠం మళ్లీ తెరవండి, ఈసారి వేరేగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఇంటర్‌ విద్యార్థులకి ప్రాబబిలిటీ చెప్తాను. కాయిన్, డైస్ లెక్కలు చేస్తారు గానీ ర్యాండమ్ అంటే వాళ్ల దృష్టిలో ఇష్టమొచ్చినట్టు అని. ఎలా చెప్పాలి?

క్లాసుని రెండు గ్రూపులు చేయండి. ఒక గ్రూపు నిజంగా కాయిన్ 200 సార్లు ఎగరేసి బొమ్మా బొరుసూ రాయాలి, రెండో గ్రూపు ఎగరేయకుండా ఊహించి 200 రాయాలి. మీరు బయటికెళ్లి, అయ్యాక వచ్చి ఏది నిజమో ఏది కల్పించిందో చెప్పండి. రహస్యం ఏంటంటే ఊహించి రాసేవాళ్లు వరసగా ఐదారు బొమ్మలు రాయడానికి జంకుతారు, కాస్త అవగానే మార్చేస్తారు. నిజమైన 200 టాస్‌లలో మాత్రం ఎక్కడో ఒకచోట ఒకే వైపు వరసగా 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడే అవకాశం దాదాపు 96 శాతం. పిల్లలు ఎలా కనిపెట్టారని వెంటపడతారు, అప్పుడు లెక్క మొదలుపెట్టండి, అప్పటిదాకా వద్దు.

శాంపిల్ తీయడానికి కూడా ఇలాంటిదే. ఏదైనా పుస్తకంలో ఒక పేజీ ఇచ్చి, పేజీ మొత్తానికి ప్రతినిధుల్లా ఉండే పది మాటలు చూసి ఎంచుకోమనండి. ఆ మాటల పొడవు సగటు తీస్తే చాలామందికి పేజీ అసలు సగటు కంటే ఎక్కువే వస్తుంది, పొడుగు మాటలు కంటికి తగులుతాయి కాబట్టి. తర్వాత మాటలకి నంబర్లేసి ర్యాండమ్ నంబర్లతో తీయించండి. తమ కన్ను తమని మోసం చేసిందని వాళ్లే చూశాక ర్యాండమ్ అనేది ఇష్టమొచ్చినట్టు కాదనీ మన ఇష్టాన్ని పక్కనపెట్టే పద్ధతనీ మీరు విడిగా చెప్పక్కర్లేదు.

ప్రశ్న: పీహెచ్‌డీ చేస్తున్నాను, స్టాటిస్టిక్స్ నా సబ్జెక్ట్ కాదు. పీ-వాల్యూ 0.03 వచ్చింది. అంటే నేను అనుకున్నది నిజం కావడానికి 97 శాతం అవకాశం ఉన్నట్టేనా?

కాదండీ. ఈ పొరపాటు ఎంత ఎక్కువంటే 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రత్యేకంగా ఒక ప్రకటనే ఇవ్వాల్సి వచ్చింది. పీ-వాల్యూ మీ ఊహ నిజమయ్యే అవకాశాన్ని చెప్పదనీ, ఒక గీత దాటిందా లేదా అనే దాన్నిబట్టే నిర్ణయాలు తీసుకోవద్దనీ అందులో స్పష్టంగా ఉంది. 0.05 అనే గీత కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, 1920ల్లో రోనాల్డ్ ఫిషర్ అనే స్టాటిస్టీషియన్ అది వీలుగా ఉంటుందని చెప్పారు, మిగతావాళ్లు దాన్ని గోడలా కట్టేశారు.

మీ దగ్గర రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో 20 మంది ఉన్నారనుకోండి. రెండు గ్రూపుల మధ్యా నిజంగా ఏ తేడా లేకపోతే ఎవరు ఏ గ్రూపు అనే చీటీకి విలువ లేదు. కాబట్టి ఆ చీటీలు కలిపేసి మళ్లీ పంచి తేడా లెక్కేయండి, కంప్యూటర్‌తో 10,000 సార్లు చేయండి. మీకు వచ్చినంత తేడా గానీ అంతకంటే పెద్దది గానీ 300 సార్లు వస్తే, అదే 0.03. అంతే దాని అర్థం: ఏమీ లేకపోయినా ఇలాంటిది ఎంత అరుదుగా కనబడుతుందో అది. మీ ఊహ ఎంత నిజమో చెప్పాలంటే ముందునుంచీ ఉన్న సాక్ష్యం, డేటా పోగుచేసిన తీరు అన్నీ కావాలి.

ఇంకో మాట, ఎన్ని టెస్టులు చేశాక ఈ 0.03 దొరికిందో దాచకుండా రాయండి. ఎక్కడా ఏమీ లేకపోయినా విడివిడిగా 20 టెస్టులు చేస్తే కనీసం ఒకటి 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. పీ-వాల్యూ పక్కన తేడా ఎంతో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో అంచనా వేసే హద్దులు) ఎంతో కూడా పెట్టండి, చదివేవాళ్లకి పనికొచ్చేది అదే.

ప్రశ్న: రిటైర్ అయ్యాను, లెక్కలు వదిలేసి చాలా ఏళ్లయింది. రోజూ శాతాలూ గ్రాఫులూ కనిపిస్తూనే ఉంటాయి. ఈ వయసులో ఏ పుస్తకం పట్టుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

అయ్యా, పుస్తకం తర్వాత పట్టుకోవచ్చు. శాతం కనబడగానే దాన్ని మనుషుల్లోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి, కూడికలూ తీసివేతలూ వస్తే చాలు. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉందనుకోండి, టెస్టు జబ్బున్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో కూడా 9 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. ఒకరికి పాజిటివ్ వచ్చింది, జబ్బు ఉండే అవకాశం ఎంత? 90 శాతం అని నోటికొచ్చేస్తుంది. వెయ్యి మందిని ఊహించుకోండి. జబ్బున్నవాళ్లు 10 మంది, వాళ్లలో 9 మందికి పాజిటివ్. మిగతా 990 మందిలో 9 శాతం అంటే సుమారు 89 మందికి కూడా పాజిటివ్. మొత్తం 98 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నవాళ్లు 9 మందే, పది శాతం కూడా లేరు. అందుకే ఇలాంటి చోట పాజిటివ్ వస్తే ఇంకో టెస్టు చేయించమంటారు. పేపర్లో ఈసారి ఏ శాతం కనబడినా ఇలా ఒక కాగితం మీద వెయ్యి మందిని పంచి చూడండి, ఎక్కడైనా ఆగిపోతే ఆ కాగితమే మాకు పంపించండి, వచ్చే సంచికలో కలిసి చేద్దాం.