బీపీ మాత్రలు వాడుతూ సిల్డెనఫిల్ వేసుకోవచ్చా అని అడిగినవారికి

మీరు అడిగింది ఇదీ: వయసు 48, బీపీకి రోజూ టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5 వాడుతున్నారు, ఏడాదిగా అంగస్తంభన సరిగ్గా ఉండటం లేదు, డాక్టరుగారి దగ్గర నోరు విప్పడానికి సిగ్గు, షాపులో సిల్డెనఫిల్ కొనుక్కుని వేసేసుకుంటే ఏమైనా అవుతుందా అని. నాకు 56 అండి. పాలకొల్లు దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు. మీరు చేద్దామనుకుంటున్నదే నేను మూడేళ్ళ క్రితం చేశాను, అందుకే దాపరికం లేకుండా రాస్తున్నాను.

నాకు మీరు వాడే రెండూ కాక రాత్రిపూట ప్రజోసిన్ అని ఇంకోటి ఉండేది. టౌనులో నన్నెవరూ గుర్తుపట్టని షాపు చూసుకుని, జనం పలచబడేదాకా బండి మీదే కూర్చుని, అప్పుడు వెళ్ళి అడిగాను. కుర్రాడు చీటీ అడగలేదు, బీపీ ఉందా అనీ అడగలేదు. 100 మిల్లీగ్రాముల స్ట్రిప్పు పేపర్లో చుట్టి ఇచ్చేశాడు. ఆ రాత్రి భోజనమయ్యాక రోజూ వేసుకునే మాత్రలు వేసుకున్నాను, గంటాగి ఇది.

ఒంటిగంటప్పుడు కరెంటు పోయింది. చెరువుల మీద బతికేవాళ్ళకి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు ఆగితే ఎంత నిద్రలో ఉన్నా మెలకువ వచ్చేస్తుంది, జనరేటర్ వెయ్యాలని ఒక్క ఉదుటున లేచాను. తలుపు గడియ మీద చెయ్యి వేసినంతవరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి గడప దగ్గర నేలమీద ఉన్నాను, కనుబొమ్మ చిట్లి రక్తం, మా ఆవిడ నా కాళ్ళు పైకెత్తి పట్టుకుని ఏడుస్తోంది. పక్కింట్లోంచి మా అన్నయ్యగారబ్బాయి బీపీ మిషన్ తెచ్చి చూస్తే 84/50. అప్పుడు కూడా ఆ మాత్ర సంగతి చెప్పలేదు నేను. పొద్దున్నే డాక్టరుగారి దగ్గరా ఎండదెబ్బ అనే అన్నాను. ఆయన మా ఆవిడని కాసేపు బయట కూర్చోమని తలుపు వేసి, "రాత్రి కొత్తగా ఏం వేసుకున్నారు?" అని నెమ్మదిగా అడిగితే అప్పుడు చెప్పాను. తిట్టలేదు, నవ్వలేదు. దీనికోసం వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు, చాలామంది మీలాగే పడిపోయాక వస్తారు అన్నారు.

ఇక ఆయన దగ్గర నేర్చుకున్నది. సిల్డెనఫిల్‌ని మొదట గుండెనొప్పి మందుగా పరీక్షించారట, అంగస్తంభనకి పనిచేస్తోందని ఆ పరీక్షల్లో బయటపడింది, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే ఇది రక్తనాళాల్ని వదులు చేసే మందు, కాబట్టి దీనివల్ల కూడా బీపీ కొంత తగ్గుతుంది. మీరు వాడే టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్‌లతో మామూలుగా పెద్ద గొడవ ఉండదు, ఆమ్లోడిపిన్‌తో కలిస్తే సగటున ఇంకో ఎనిమిది పాయింట్లు దిగుతుందంతే, చాలామంది డాక్టర్లు రాస్తారు కూడా. నన్ను పడగొట్టింది ప్రజోసిన్‌తో కలవడం, దానికితోడు మొదటిసారే 100. ఆల్ఫా బ్లాకర్లు అంటారు వాటిని, ప్రోస్టేటుకి ఇచ్చే టామ్‌సులోసిన్ కూడా ఆ జాతే, పడుకుని లేచేటప్పుడే ప్రమాదం. నాకు ప్రజోసిన్ తీసేసి వేరేది పెట్టి, రెండు వారాలు బీపీ రాయించి, అప్పుడు 25తో మొదలుపెట్టారు. డ్రింక్స్ తీసుకున్న రోజు వద్దన్నారు.

వీటన్నిటికన్నా భయపడాల్సింది గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర. సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు, ఇంకా నికోరాండిల్, వీటితో సిల్డెనఫిల్ ఎంత చిన్న డోసైనా కలవకూడదు. పైన తూము ఎత్తేసి కింద మురుగు కాలువ మూసేస్తే చేను ఏమవుతుందో మనకి తెలుసు కదా, ఒంట్లో అదే జరుగుతుంది. నాళాల్ని వదులు చేసే పదార్థాన్ని నైట్రేట్ పెంచుతుంది, అది కరిగిపోకుండా సిల్డెనఫిల్ ఆపుతుంది, బీపీ పాతాళానికి పోతుంది, ప్రాణం మీదకి వస్తుంది. మన ఊళ్ళలో ఎవరైనా గుండె పట్టుకుంటే 108 వచ్చేలోపు పక్కింటివాళ్ళు మంచి మనసుతోనే సార్బిట్రేట్ నోట్లో పెట్టేస్తారు! సిల్డెనఫిల్ వేసుకున్న 24 గంటలు, అదే జాతి మందు టడాలఫిల్ అయితే 48 గంటలు అది పెట్టకూడదు. ఈ సంగతి మీ ఆవిడకి తెలిసి ఉండాలి, 108 వాళ్ళకీ ఆసుపత్రిలోనూ మొట్టమొదట చెప్పాలి. ఆ పేరు చెప్పడానికి నేను పడ్డ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది, ఆ రాత్రి నాకు గుండెల్లో నొప్పి కూడా వచ్చి ఉంటే మా వాళ్ళు చేసేది అదే.

ఆ రోజుకి బీపీ మాత్ర మానేసి ఇది వేసుకుందామని మాత్రం అనుకోకండి, అటెనొలాల్ లాంటివి ఉన్నట్టుండి మానితే గుండెకి ఇంకా ప్రమాదం. పవర్ గోళీలని అమ్మేవాటి జోలికీ వద్దు, మూలికలని చెప్పి సిల్డెనఫిల్లే కలిపినవి పట్టుబడ్డాయి, అందులో ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళమనడానికి ఇంకో కారణం ఉంది. అంగంలోని రక్తనాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే, గుండెవి మూడు నాలుగు ఉంటాయి, అందుకని పూడిక మొదలైతే ముందు సన్నవాటిలోనే తెలుస్తుంది, గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ళ ముందే. నాకు ఈసీజీ, ట్రెడ్‌మిల్, మూడు నెలల షుగర్ చూశారు. గుండె బాగుంది, షుగర్ మొదలైందని ఆ రోజే తెలిసింది. కొందరికి వాడుతున్న బీపీ మాత్రే, అటెనొలాలో, ఒంట్లో నీరు తీసే మాత్రో, కారణం కావచ్చు, అప్పుడు డాక్టరు అది మారిస్తే సరిపోవచ్చు కూడా.

నోరు పెగలకపోతే మా బావమరిది చేసినట్టు చెయ్యండి. బీపీ మాత్రల చీటీ వెనక "సిల్డెనఫిల్ వాడొచ్చా అండి" అని ఇంటి దగ్గరే రాసుకుని వెళ్ళి టేబుల్ మీద పెట్టాడు. ఆయన చదివి, ఏమీ మాట్లాడకుండా ముందు చేతికి బీపీ పట్టీ చుట్టారట.