పాత పాటల సీడీపై ఇన్ని సంకేతాలెందుకు?

ప్రశ్న: 1950ల నాటి అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్ పాటల సంకలనం సీడీ ఒకటి కొన్నాను. అట్టపైనా డిస్కుపైనా వేర్వేరు సంకేతాలున్నాయి. వీటిలో దేన్ని అసలు గుర్తింపుగా తీసుకోవాలి?

జవాబు: అట్ట వెనుక ఉండే 12 లేదా 13 అంకెల బార్‌కోడ్ దుకాణాల కోసం. అట్ట అంచున నిలువుగా ముద్రించే కేటలాగ్ నంబరు మాత్రం కంపెనీ తన సంకలనానికి ఇచ్చుకున్నది కాబట్టి, సీడీ వివరాలు వెతికేటప్పుడు ముందుగా దాన్నే చూడాలి. డిస్కు అడుగు భాగాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, నడిమి రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే వలయంలో సన్నని అక్షరాలు కనిపిస్తాయి. అది ఏ మాస్టర్ (ప్రతులు తీయడానికి వాడే మూలం) నుంచి ఆ ప్రతి తయారైందో తెలిపే మాట్రిక్స్ సంఖ్య.

ఇక ఒక్కో రికార్డింగుకు విడిగా ఇచ్చే ఐఎస్ఆర్‌సీ (అంతర్జాతీయ ప్రామాణిక రికార్డింగ్ కోడ్) విషయంలో చాలామంది పొరబడతారు. అక్షరాలూ అంకెలూ కలిపి 12 స్థానాలుండే ఆ కోడ్‌లోని రెండంకెల సంవత్సరం, కోడ్ కేటాయించిన ఏడాదే తప్ప పాట రికార్డయిన ఏడాది కాదు. ఉదాహరణకు, జాకీ బ్రెన్‌స్టన్ పాడిన ‘రాకెట్ 88’ను చెస్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ 1951లో 1458 నంబరుతో విడుదల చేసింది, ఐఎస్ఆర్‌సీ ప్రమాణం వచ్చింది 1986లో. పాట పుట్టుక తెలియాలంటే సీడీతో ఇచ్చే చిన్న పుస్తకంలో ఇలాంటి తొలి రికార్డు నంబర్లు ఉన్నాయేమో చూడండి. వాటిని ముద్రించని సంకలనం, పాటలు ఎంత బాగున్నా, నా దృష్టిలో అసంపూర్ణమే.