బోరింగ్ చేయించాక బండికి పికప్ పోయింది.. మెకానిక్‌పై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్నగారి 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100కి విజయవాడలో ఒక మెకానిక్ దగ్గర బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను కోసి నునుపు చేయడం) చేయించి, కొత్త పిస్టన్, రింగులు వేయించాను. రూ.24 వేలు ఫోన్‌లోనే పంపాను. బిల్లు అడిగినా ఇవ్వలేదు. నెల తిరక్కుండానే బండి లాగడం మానేసింది. ‘పాత బండి అంతే’ అంటున్నాడు. ఇక్కడ ఇంకో మెకానిక్‌కి ఇంజిన్ విప్పమని చెప్పాను. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ముందు ఆ ఇంజిన్ విప్పడం ఆపించండి. మీ కేసుకు అసలు సాక్ష్యం అదే. రెండో మెకానిక్ చెయ్యి పడ్డాక ‘నేను బాగానే బిగించాను, వాళ్లే పాడు చేశారు’ అని మొదటి మెకానిక్ అంటే, కాదని నిరూపించడం చాలా కష్టం. సేవలో లోపం ఉందని చూపాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుదే.

పికప్ పోయినంత మాత్రాన తప్పు బోరింగ్‌దే అనుకోకండి. మీది లాంటి టూ స్ట్రోక్ బండిలో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాలుతుంది కాబట్టి సైలెన్సర్‌లో, ఎగ్జాస్ట్ పోర్టులో కార్బన్ పేరుకుంటుంది. పొగ బయటికి పోక ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. క్లచ్ జారినా, బ్రేక్ పట్టేసినా బండి లాగదు. వీటిని చూడమని మీరు చెప్పకపోతే ఆ మెకానిక్‌ని తప్పుపట్టలేం. ఇంజిన్ విప్పకుండానే ముందు ఇవి చూపించండి. తర్వాత గేజ్‌తో కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) కొలిపించి, స్పార్క్ ప్లగ్ రంగుకు ఫొటో తీయండి. కంప్రెషన్ బాగా తక్కువుంటే బోరు, పిస్టన్, రింగుల పనిని అనుమానించాలి. ప్లగ్ తెల్లబడితే క్రాంక్ ఆయిల్ సీల్ దగ్గర గాలి లాగుతోందేమో, కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం (జెట్) మూసుకుందేమో చూడాలి. చూసిన మెకానిక్‌తో తేదీ, సంతకంతో రాయించుకోండి.

ఆ తర్వాత విజయవాడ మెకానిక్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజుల్లో సరిచేయాలనీ, లేదంటే అతనో, అతని మనిషో ఉండగా ఇంజిన్ విప్పిస్తామనీ రాయండి. రాకపోతే విప్పేటప్పుడు వీడియో తీసి, బయటికి తీసిన పిస్టన్, రింగులు దాచండి.

సొంతానికి వాడే బండి కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం 2019 మీకు వర్తిస్తుంది. బిల్లు లేదని దిగులు పడొద్దు, డబ్బు పంపిన వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు పనికొస్తాయి. అసలు బిల్లు ఇవ్వకపోవడమే ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కేసు కోసం విజయవాడ వెళ్లక్కర్లేదు, సెక్షన్ 34 ప్రకారం మీరుండే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. కట్టిన డబ్బు వాపసు, పరిహారం, ఖర్చులు అడగొచ్చు. అంతకంటే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చూడండి, కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి.

ఈలోగా పికప్ కోసం ఆర్‌ఎక్స్ 135 బండి సిలిండర్ వేసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. పైగా మీరు ఫిర్యాదు చేస్తున్న సిలిండర్ బండిలోనే ఉండదు.