మొక్కల సారాలు వాడితే షుగర్ మాత్రలు మానేయొచ్చా?

కాకర, మెంతులు, పొడపత్రి సారాలు మాత్రలకు బదులుగా సరిపోతాయా అని ప్రశ్న. సరిపోవు. అలాగని మొక్కల్లో మందే లేదని కాదు.

యాపిల్ చెట్టు సంగతే చూడండి. దాని వేరు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. మూత్రపిండాలు వడకట్టిన గ్లూకోజ్‌ను తిరిగి రక్తంలోకి లాక్కునే ప్రొటీన్‌ను ఇది అడ్డుకుంటుంది, దాంతో చక్కెర మూత్రంలో పోతుంది. మరి బెరడు కషాయం కాచుకుని తాగొచ్చుగా? లాభం లేదు. అది చాలావరకు పేగుల్లోనే విరిగిపోతుంది, పైగా విరేచనాలు పట్టుకోవచ్చు. అందుకే ఆ అణువును మార్చి మార్చి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు తెచ్చారు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కథ మొదలైందీ గలీగా అనే మొక్కతోనే.

పొడపత్రి ఆకు నమిలి పంచదార వేసుకుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టుంటుంది, కాసేపు తీపే తెలియదు. నాలుక మీద తీపి పోతే రక్తంలో చక్కెర పోయినట్టు కాదు కదా! మెంతుల్లోని జిగురు పీచు వల్ల మాత్రం భోజనం తర్వాత గ్లూకోజ్ కాస్త మెల్లగా ఎక్కుతుంది. కాకర మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా చిన్నవి, ఫలితాలూ ఒకదానికొకటి పొసగవు.

గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ ఈ సారాలనూ కలిపితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. డాక్టరుకు చెప్పే వాడండి. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాని రకం) ఉన్నవాళ్లు సారాలను నమ్ముకుని ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.